కట్ట కారితే చూసేదెవరు?

ఒక నాగరికత ఎంత గొప్పదో దేంతో కొలవాల నాయనా? గోపురం ఎత్తుతోనా, ఖజానాలోని బంగారంతోనా? సైన్సువాళ్ళు కూడా ఈ లెక్క వేసినారు. 1964లో నికొలాయ్ కార్డషెవ్ అనే సోవియట్ ఖగోళ శాస్త్రజ్ఞుడు ఒక కొలబద్ద తెచ్చినాడు. ఎంత శక్తి వాడితే అంత గొప్ప అన్నాడు. తన గ్రహానికి అందే శక్తినంతా వాడుకుంటే మొదటి మెట్టు, తన నక్షత్రం శక్తినంతా వాడుకుంటే రెండోది, గెలాక్సీ మొత్తానిదీ అయితే మూడోది. మనం ఇంకా మొదటి మెట్టే ఎక్కలేదు. కార్ల్ సగన్ లెక్కగట్టి మనకు 0.7 మార్కులు వేసినాడు.

అంతకు మూడేళ్ళ ముందే, 1961లో, అమెరికాలో ఫ్రాంక్ డ్రేక్ ఇంకో లెక్క రాసినాడు. మన గెలాక్సీలో మనతో మాట్లాడగల నాగరికతలు ఎన్ని ఉంటాయని. ఏడాదికి ఎన్ని నక్షత్రాలు పుడతాయి, వాటిలో ఎన్నింటికి గ్రహాలుంటాయి, ఎన్నింట్లో ప్రాణం పుడుతుంది అని గుణించుకుంటూ పోయి, ఆఖర్న ‘ఎల్’ అనే అక్షరం పెట్టినాడు. ఆ నాగరికత ఎన్నేళ్ళు నిలుస్తుంది అన్నదే ఆ ఎల్. ముందున్నవన్నీ ఎంత పెద్దవైనా, ఈ ఒక్కటి చిన్నదైతే జవాబు చిన్నదే.

నాకు డ్రేక్ లెక్కే నచ్చుతుంది. చిత్తూరు జిల్లా ఐరాల పక్క మనిషికి అట్లా నచ్చడంలో వింతేమీ లేదు. మా మండలంలోని కాణిపాకం కథ మీకు తెలిసిందే. గుడ్డి, మూగ, చెవిటి అన్నదమ్ములు ముగ్గురు నీళ్ళింకిన బావిని లోతు చేస్తుంటే వినాయకస్వామి బయటపడినాడంటారు. దేవుడు కూడా ఎండిన బావిలోంచే పైకి వచ్చిన సీమ ఇది. ఏడాది పొడుగునా పారే ఏరు లేదు. కురిసిన నాలుగు నాళ్ళలో నీళ్ళు పట్టుకోవాల. అందుకే ఊరూరికీ చెరువు, దానికి కట్ట, తూము, మొరవ.

మట్టి కట్ట ఎట్లా తెగుతుందో చెప్తా వినండి. నీళ్ళు పైనుంచి పొర్లితే తెగడం ఒకటి. ఆ బాధ లేకుండా ఎక్కువ నీళ్ళను మొరవ వదిలేస్తుంది. రెండోది కనపడని తెగులు. కట్ట అవతలి దిగువన ఎక్కడో సన్నని ఊట మొదలవుతుంది. మట్టి కట్టకు కొంచెం ఊట ఉండేదే. ఆ నీరు తేటగా ఉంటే పెద్ద భయం లేదు. బురదగా వస్తే మాత్రం నీళ్ళు కట్టలోపలి మట్టిని రేణువు రేణువుగా మోసుకొస్తున్నాయన్నమాట. దిగువన మొదలైన ఆ బొక్క వెనక్కి, చెరువు వైపుకు, పాకుతా పోతుంది. బొక్క పెరిగే కొద్దీ నీళ్ళు ఎక్కువ దూరతాయి, నీళ్ళు ఎక్కువయ్యే కొద్దీ బొక్క పెరుగుతుంది. చెరువును తాకిందంటే ఇక గంటల్లో పని.

ఈ సంగతి మన పెద్దోళ్ళకు బాగా తెలుసు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువును 1369లో విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించి, అక్కడ రాతి మీద శాసనం రాయించినాడు. వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ పని అని అందులో ఉంది. మంచి చెరువుకు కావాల్సినవి పన్నెండు, దోషాలు ఆరు అని పట్టీ కూడా ఉంది. ఆ దోషాల్లో కట్టలోంచి నీరు కారడం ఒకటి.

1565లో తళ్ళికోట యుద్ధంతో విజయనగరం కూలింది. రాజధాని పెనుకొండకు, అక్కడి నుంచి మన చంద్రగిరికి వచ్చింది, ఆపైన అదీ పోయింది. పోరుమామిళ్ళ చెరువు మాత్రం ఉంది. రాజు లేకపోయినా ఊరు దాన్ని చూసుకుంది. మరమ్మతు చేసేవాళ్ళకు దశబంధం మాన్యాలుండేవి, తూము తీయడానికి నీరుగంటి ఉండేవాడు. ఏటా బోద కప్పకుంటే కొట్టం కారినట్టే, ఏటా చెయ్యి పడకుంటే చెరువూ కారుతుంది.

కంపెనీ దొరలొచ్చినాక శిస్తు వసూలు సాగింది కానీ మరమ్మతు వెనకబడింది. ఊరివాళ్ళే చేసుకోవాలని 1858లో మద్రాసు సర్కారు చట్టం చేస్తే, అది చాలామటుకు కాగితం మీదే ఉండిపోయింది. ఆ తర్వాత కరెంటు మోటార్లు, బోర్లు వచ్చినాయి. ఎవరి చేనులో వాళ్ళకు నీళ్ళు, ఇక చెరువు దిక్కు చూసేదెవరు? వందల అడుగుల లోతు నుంచి నీళ్ళు తోడాలంటే కరెంటు బోలెడు కావాల. కార్డషెవ్ కొలబద్ద పెడితే మనకు మార్కులు పెరిగినాయి. డ్రేక్ లెక్కలో మాత్రం తగ్గినాయి.

2021 నవంబరు వానలు ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూపించినాయి. 19న రాజంపేట దగ్గర చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, కింది ఊళ్ళు కొట్టుకుపోయినాయి, ప్రాణాలు పోయినాయి. అది మన కాలంలో కట్టిందే. ఒకట్రెండు రోజులకే తిరుపతి దగ్గర రాయలచెరువు కట్టకు లీకు కనిపించింది. అది శ్రీకృష్ణదేవరాయల కాలం నాటి చెరువని చెప్తారు. వెంటనే కింది ఊళ్ళను ఖాళీ చేయించినారు, బస్తాలు పేర్చి లీకును అదుపు చేసినారు. కట్ట నిలబడింది. అయిదు నూర్లేళ్ళ కట్టను ఆ రోజు కాపాడింది దాని వయసు కాదు, సమయానికి దాన్ని చూసిన కళ్ళు.

నన్నడిగితే నాగరికత విలువ అది కట్టినదాంట్లో లేదు. కట్టినదాన్ని ఎన్ని తరాలు చెయ్యి జారకుండా చూసుకున్నారో అదే దాని విలువ. కాబట్టి పిల్లలూ, ఈ తూరి కార్తీక వానలకు ముందు మీ ఊరి చెరువు కట్ట మీద ఒకసారి నడవండి. మొరవకు ఏమైనా అడ్డం పడిందా, కట్ట మీద చెట్లు వేళ్ళు తన్నినాయా, దిగువన ఊట ఉంటే తేటగా ఉందా బురదగా ఉందా చూడండి. బురదగా ఉంటే ఆ పొద్దే ఊరికీ, అధికారులకూ చెప్పండి. మరుసటి రోజుకు వాయిదా వేయకండి.