గగనమార్గంలో దూరం, ప్రయాణంలో కాలం

మార్కాపురం, గిద్దలూరు ఉన్న పశ్చిమ ప్రకాశంలో విమానాశ్రయం లేకపోయినా, కర్నూలు జిల్లా ఓర్వకల్లు విమానాశ్రయం నుంచి విజయవాడ సమీపంలోని గన్నవరానికి గీసిన సరళరేఖ నల్లమలను దాటి, ఈ ప్రాంతపు ఉత్తర భాగంలో యర్రగొండపాలెం పరిసరాల మీదుగా సాగుతుంది. భూమి గోళాకారంలో ఉన్నందున, ఉపరితలం వెంట రెండు స్థలాల మధ్య ఉండే అతి తక్కువ దూరాన్ని మహావృత్త దూరం అంటారు. ఇక్కడ అది సుమారు 295 కిలోమీటర్లు, అంటే 1.852 కిలోమీటర్లకు ఒకటి చొప్పున దాదాపు 160 నాటికల్ మైళ్లు.

గంటకు 500 కిలోమీటర్ల వేగంతో ఎగిరే ఏటీఆర్ 72 వంటి విమానానికి లెక్క ప్రకారం సుమారు 35 నిమిషాలే చాలాలి కానీ, రన్‌వే చేరడానికి, పైకి లేవడానికి, క్రమంగా దిగడానికి పట్టే వ్యవధి కలిసి అది గంటకు చేరువవుతుంది. నిలిపిన చోటు నుంచి కదిలింది మొదలు గమ్యంలో ఆగేవరకు పట్టే ఈ మొత్తం కాలాన్ని బ్లాక్ టైమ్ అంటారు. టికెట్‌పై కనిపించే వేళలు దీని ఆధారంగానే నిర్ణయమవుతాయి.

గిద్దలూరు నుంచి ఓర్వకల్లుకు సరళరేఖలో దూరం సుమారు 90 కిలోమీటర్లే అయినా, నంద్యాల దారి నల్లమల కనుమ మలుపుల గుండా పోతుంది కనుక, నేలమీది ప్రయాణం ఆకాశయానం కన్నా ఎక్కువ సమయం తీసుకుంటుంది. అందుచేత 2021 మార్చిలో ప్రారంభమైన ఓర్వకల్లులోని ఈ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి విమానాశ్రయపు ప్రయోజనం ఈ మెట్టప్రాంత ప్రజలకు నిజంగా అందాలంటే, విమాన సర్వీసులతో పాటు కనుమ రహదారి కూడా మెరుగుపడడం అత్యవసరం.