సర్వైలెన్స్ జోన్

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డాక పత్రికల్లో పదేపదే కనిపించిన మాట ఇది. వ్యాధి తేలిన చోటు చుట్టూ కిలోమీటరు దాకా రెడ్ జోన్. అక్కడి నుంచి పది కిలోమీటర్ల దాకా సర్వైలెన్స్ జోన్, అంటే నిఘా పరిధి.

భోపాల్‌లోని జంతువ్యాధుల ల్యాబ్ వైరస్‌ను నిర్ధారించగానే కదలిక మొదలవుతుంది. రెడ్ జోన్‌లో కోళ్లను చంపి పూడ్చిపెడతారు, గుడ్లు, దాణా నాశనం చేస్తారు. నిఘా పరిధిలో కోళ్లను చంపరు. నమూనాలు తీస్తారు, రాకపోకలను, అమ్మకాలను కట్టడి చేస్తారు. జంతువుల అంటువ్యాధుల నివారణ చట్టం, 2009 ప్రకారం ఒక ప్రాంతాన్ని నియంత్రిత ప్రాంతంగా ప్రకటించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది. చంపిన కోళ్లకు పరిహారాన్ని కేంద్రం, రాష్ట్రం చెరిసగం భరిస్తాయి.

అడవి పక్షుల సంగతి వేరు. వాటికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్ష ఉంది. కోళ్లలా చంపడానికి లేదు. తెనాలికి దగ్గర్లోని ఉప్పలపాడు చెరువుకూ, బాపట్ల, రేపల్లె తీరపు మడ అడవులకూ వలస పక్షులు వస్తాయి కాబట్టి ఈ తేడా మనకు ముఖ్యం. చనిపోయిన పక్షి కనిపిస్తే చేత్తో ముట్టకండి, పశువైద్యశాలకు చెప్పండి.