వంటయింటి గ్యాసు – పసిగట్టు గంట

నేటి నా ప్రసంగ విషయము పురాణమును కాదు, వ్యాకరణమును కాదు. మీ వంటయింటి మూలను నిలిచియున్న గ్యాసు బండను గూర్చియు, అది కారినప్పుడు మనకన్న ముందు పసిగట్టి గంట మ్రోగించు చిన్న యంత్రమును గూర్చియు నాలుగు మాటలు చెప్పదలచితిని. ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు పద్యములు వల్లె వేయించిన పంతులునకు గ్యాసుతో నేమి పని యని కొందరనుకొనవచ్చును. ఆ పంతులు ఇంటను గ్యాసు పొయ్యియే మండుచున్నది. ఇంట నుంచుకొన్న వస్తువు స్వభావము నెరుగక దాని ప్రక్కనే నిద్రించుట పండితునకును పామరునకును సమానముగా అపాయకరము.

మన నిజామాబాదు, బోధను ప్రాంతములలో మా బాల్యమున వంట యనగా కట్టెలు, పిడకలు, ఎండిన పత్తికట్టె. 1999లో దీపము పథకము వచ్చినది. 2016లో ఉజ్జ్వల పథకము వచ్చినది. నేడు గ్యాసు బండ లేని గడప మన పల్లెలలో అరుదు. ఆడువారి కండ్లకు పొగ బాధ తప్పినది. ఇది గొప్ప మేలు, దీనిని కాదనువాడు పొయ్యి ఊది యెరుగనివాడు. అయితే కట్టెల పొయ్యి అపాయము కంటికి కనబడెడిది. పొగ గలచోట నిప్పు కలదని తర్కము చదువుకొనువారికి గురువులు మొదటి పాఠముననే చెప్పుదురు. గ్యాసు విషయమున ఆ యనుమానము పనికిరాదు. ఇచ్చట నిప్పునకు ముందు పొగ యుండదు. పొగ కనబడునప్పటికి జరుగవలసిన హాని జరిగియే యుండును.

ఈ గ్యాసు స్వభావము కొంత తెలిసికొందము. ఇది ప్రొపేను, బ్యూటేను అను రెండు వాయువుల మిశ్రమము. ఒత్తిడి పెట్టి ద్రవముగా మార్చి బండలో నింపుదురు. వాడుకలోని పెద్ద బండలో 14.2 కిలోల ద్రవము పట్టును. బయటకు వచ్చినంతనే అది వాయువై సుమారు 250 రెట్లు వ్యాపించును. ముఖ్యముగా గుర్తుంచుకొనవలసినది మరియొకటి కలదు. ఇది గాలికన్న బరువైనది: ప్రొపేను సుమారు ఒకటిన్నర రెట్లు, బ్యూటేను రెండు రెట్లు. కావున కారిన గ్యాసు పొగవలె పైకప్పునకు పోదు. నీటివలె నేలకు దిగి, గడప దాటి, పల్లమున్నచోటికి ప్రాకును. వేసవిలో తలుపులు తెరచియుందుము గనుక అంత భయము లేదు. పుష్య మాసపు చలికి కిటికీలన్నియు బిగించి, వంటగదికి ప్రక్కనే నేలపై చాప పరచి పిల్లలును ముసలివారును పండుకొను ఇండ్లు మనకు వేలకొలది కలవు. గ్యాసు వెదకుకొని వచ్చు చోటును, మనము తల వాల్చు చోటును ఒక్కటియే.

గాలిలో నూటికి సుమారు రెండు పాళ్లు గ్యాసు చేరినది మొదలు తొమ్మిది పాళ్ల వరకు నిప్పురవ్వ తగిలినచో అంటుకొనును. అంతకు తక్కువైనను ఎక్కువైనను అంటుకొనదు. ఎక్కువైన మేలుగదా యని తలపవలదు. తలుపు తెరచినంతనే ఆ యెక్కువ తగ్గుచు ప్రమాదకరమైన పాలునకే వచ్చును. ఇప్పుడొక చిన్న లెక్క. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు గల వంటగదిలో నూటికి రెండు పాళ్లనగా ఒకటింబాతిక కిలో గ్యాసు మాత్రమే. నిండు బండలో ఇది పదియవ వంతునకు లోపు. అదియు గది యంతట సమానముగా వ్యాపించినప్పటి మాట. నేలబారున నిలిచినప్పుడు అంతకన్న తక్కువయే చాలును.

మరి వాసన వచ్చునుగదా, వాసన వచ్చినచో లేచి చూతుముగదా యని మీరందురు. ఇచ్చటనే నేను కొంచెము నిలువవలసియున్నది. గంధము పృథివి గుణమని మన తార్కికులు నిర్వచించిరి. వాయువునకు స్వతహాగా గంధము లేదనిరి. మన వంట గ్యాసునకు ఈ మాట చక్కగా అన్వయించును. శుద్ధమైన గ్యాసునకు చెప్పుకొనదగిన వాసన లేదు. మనకు తెలియు దుర్గంధము ఎరువు తెచ్చినది. ఇథైలు మెర్కాప్టాను అను ద్రవ్యమును లేశమాత్రము కలుపుటచేత ఆ వాసన కలుగుచున్నది. అంటుకొను పాలులో ఐదవ వంతు గ్యాసు గాలిలో చేరునప్పటికే మనుష్యునకు వాసన తెలియవలెనని నియమము.

ఈ వాసన కలుపుట లోకమున నియమమగుటకు ఒక బడి కారణమైనది. నేను పంతులును గనుక దానిని చెప్పక విడువలేను. మన బోధనులో నిజాం చక్కెర కర్మాగారము స్థాపింపబడిన 1937వ సంవత్సరముననే, మార్చి 18వ తేదీన, అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున న్యూ లండను అను ఊరి పాఠశాలలో సహజవాయువు కారి నేల క్రింది ఖాళీ చోట నిండెను. దానికి వాసన లేదు, ఎవరికిని తెలియలేదు. మధ్యాహ్నము బడి విడుచు వేళ సమీపించుచుండగా ఒక ఉపాధ్యాయుడు చెక్కను నునుపు చేయు విద్యుద్యంత్రము మీటను వేసెను. ఆ రవ్వ చాలినది. సుమారు మూడువందల మంది మరణించిరి. వారిలో అత్యధికులు పిల్లలు. ఆ దుఃఖము తరువాతనే గ్యాసునకు వాసన కలుపవలెనని ఆ రాష్ట్రమున శాసనము చేసిరి, ఇతరులును అనుసరించిరి. నేడు మీ ఇల్లాలు ముక్కు చిట్లించి గ్యాసు వాసన వచ్చుచున్నదనుటలో ఆ పిల్లల ప్రాణము కలదు.

అయినను ముక్కు నమ్మదగిన కావలివాడు కాదు. శక్కర్‌నగరు ఫ్యాక్టరీ నడచిన దినములు మీకు జ్ఞాపకముండును. 2015 డిసెంబరులో అది మూతపడినది. అది నడచుచున్న కాలమున చెరకు సీజనులో మడ్డి వాసన ఊరినంతను ఆవరించెడిది. బయటి ఊరి చుట్టము బస్సు దిగుచునే ముక్కు మూసుకొనెడివాడు. అచ్చటి కాపురస్థులను అడిగినచో, వాసనయా, ఏ వాసన యనెడివారు. వారు బడాయికి అన్నమాట కాదది. ఒకే గంధము ఎడతెగక తగులుచుండినచో ముక్కు దానిని గ్రహించుట మానివేయును. వంటగదిలో కొద్దికొద్దిగా గ్యాసు కారునప్పుడు లోపలనున్నవారికి సంభవించునదియు ఇదియే. వీధినుండి వచ్చినవాడు గడపలోనే గుర్తించును, లోపలివారు గుర్తింపరు. ఇక నిద్రలో ముక్కు మనలను లేపుననుకొనుట భ్రమ. వయస్సు మీరినకొలది చూపువలె, వినికిడివలె, వాసన పట్టు శక్తియు తగ్గును. జలుబు చేసినవానికి అసలే లేదు. ఇంట పగలెల్ల ఉండువారు ముసలివారమే. వాసన తక్కువ తెలియువారమును మనమే.

మన తెలుగునేలపైన జరిగిన దొకటి చెప్పెదను. 2014 జూను 27వ తేదీన తూర్పుగోదావరి జిల్లా నగరము గ్రామమున భూమిలోనుండి పోవు గెయిలు సంస్థ వారి గ్యాసు గొట్టము పగిలెను. తెల్లవారుజామున గ్యాసు ఇండ్లమీద వ్యాపించెను. వేకువన టీ కాచుటకు పొయ్యి వెలిగింపగా అంటుకొన్నదని నాటి వార్తలు తెలిపినవి. ఇరువది మందికి పైగా మరణించిరి. కొబ్బరి చెట్లు నిలువునను కాలినవి. అది మహా గొట్టము, మనది చిన్న బండ. కాని నిద్ర, వేకువ, మొదటి పొయ్యి అను మూడును మన యింటను ఉన్నవే.

అందుచేత నిద్రింపనిదియు, వాసనకు అలవాటు పడనిదియు అగు ఒక ముక్కు ఇంటికి కావలయును. గ్యాసు డిటెక్టరు అనునది అదియే. 1960 ప్రాంతమున జపాను దేశమున ఇంటింటికి గ్యాసు వచ్చి ప్రమాదములు పెచ్చుమీరగా, నవోయోషి టగూచి అను నతడు 1962లో దీనికి మూలమైన పరికరమును కనుగొనెను. దానిలోని ముఖ్య పదార్థము మీకు కొత్తది కాదు. మన ఇత్తడి గిన్నెలకు కళాయి పూయు తగరమునే ప్రాణవాయువుతో కలిపి చేసిన భస్మము వంటి తగరపు ఆక్సైడు అది. దానిని విద్యుత్తుచే వేడిగా నుంచుదురు. శుభ్రమైన గాలిలో ప్రాణవాయువు ఆ భస్మముపై అంటుకొని విద్యుత్ప్రవాహమును అడ్డగించియుండును. నిజాంసాగరు కాలువ తూమునకు తలుపు దించినట్లు. గ్యాసు తగిలినంతనే ఆ ప్రాణవాయువు గ్యాసుతో కలిసిపోవును. తలుపు లేచును, ప్రవాహము పెరుగును, ఆ ప్రవాహము గంటను మ్రోగించును. గ్యాసు అంటుకొను పాలునకు చేరుటకు ఎంతో ముందుగానే మ్రోగునట్లు దీనిని అమర్చుదురు.

యంత్రమును కొనినంత మాత్రమున పని కాలేదు. ఎచ్చట బిగింతుమనుటలోనే సారమంతయు నున్నది. చాలమంది గోడ గడియారము ప్రక్కన, కంటికి ఇంపుగా, ఎత్తున బిగింతురు. బండ గ్యాసు నేల పట్టునది గనుక ఎత్తున నున్న యంత్రమునకు గ్యాసు తగులునప్పటికి మన కాళ్లు దానిలో మునిగియుండును. నేలకు ఒక అడుగు ఎత్తున, బండకు రెండుమూడు గజముల దూరములో, గాలి ఆడుచోట నుంచవలెను. మరీ క్రిందికి దించితిమా, ఇల్లు కడుగు నీళ్లు దానిపై పడును. తలుపు వెనుక మూలయు పనికిరాదు. నగరములలో గొట్టముల ద్వారా వచ్చు సహజవాయువును, మన పెరటి గోబరు గ్యాసును గాలికన్న తేలికైనవి; వానికి మాత్రము పైకప్పు దగ్గర బిగింపవలెను. ఈ భేదము నెరుగక అమ్మకపువాడు చెప్పినచోట బిగించుకొనవలదు.

దీనికిని లోపములు కలవు. అగరువత్తుల పొగకు, దోమల మందు పిచికారికి, అత్తరునకు ఒక్కొక్కప్పుడు వృథాగా మ్రోగును. విసిగి తీగ పీకివేయువారు కలరు. పూజగది వైపునుండి కొంచెము జరిపినచో సరిపోవును. రెండవది, కరెంటు పోయినప్పుడు ఇది మూగది. మన పల్లెలలో గాలివాన వచ్చిన రాత్రి కరెంటు ఉండుట దైవాధీనము గనుక లోపల బ్యాటరీ కలిగిన దానినే కొనవలెను. మూడవది, దానిపైనున్న పరీక్ష మీటను నొక్కిన మ్రోగుట గంట బాగున్నదనుటకే సాక్ష్యము. పసిగట్టు భాగము బాగున్నదనుటకు కాదు. ఆ భాగము కాలక్రమమున మొద్దుబారును. సాధారణముగా ఐదేండ్లు దాని యాయుర్దాయము. గడువు యంత్రముపై ముద్రించియుండును. నాలుగవది, ఇదియే మిక్కిలి ముఖ్యము: చలికి గదిలో కుంపటి పెట్టి తలుపు మూసినప్పుడు పుట్టు విషవాయువు వేరు. దానికి వాసన లేదు, ఈ యంత్రము దానిని చెప్పునని నమ్మరాదు. మూసిన గదిలో కుంపటి వలదు, అంతే.

గంట మ్రోగినను మనుష్యుడు కదలనిచో ప్రయోజనము లేదు. గంట ఉండియు మ్రోగింపకపోవుటయు అంతే. 2020 మే 7వ తేదీన రాత్రి మూడు గంటల వేళ విశాఖపట్టణమున ఎల్జీ పాలిమర్సు కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెలువడి వేంకటాపురము వీధులలో నేలబారున వ్యాపించెను. అది మంటచేత కాక విషముచేత చంపినది. పన్నెండు మంది చనిపోయిరి. అచ్చట హెచ్చరిక సైరను ఉండియు దానిని మ్రోగింపలేదని ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము తన నివేదికలో వ్రాసెను. నిద్రించువారికి గాలియే మొదటి హెచ్చరిక యయినది.

కావున మీ యింట గంట మ్రోగినప్పుడు చేయవలసినవి కోడండ్రకును మనుమలకును ముందే చెప్పియుంచుడు. దీపము మీట వేయరాదు. వెలుగుచున్న దీపమును ఆర్పరాదు. వేయుటలోను తీయుటలోను రవ్వ పుట్టును. పంకా, ఫ్రిజ్జు వాని స్థితిలో వానిని ఉండనీయవలెను. మ్రోత భరింపలేక ఆ యంత్రపు తీగనే సాకెట్టునుండి లాగువారున్నారు, అదియు రవ్వయే. కిటికీలు, తలుపులు తెరువుడు. చేయి అందినచో బండమీది రెగ్యులేటరును మూయుడు. అందనిచో విడిచి, పిల్లలను, మంచము పట్టినవారిని ముందు బయటకు చేర్చుడు. ఫోను బయటకు వచ్చిన పిదపనే తీయవలెను. గ్యాసు కారినప్పుడు దేశమంతట పిలువవలసిన సంఖ్య 1906. దానిని వంటగది తలుపునకు వెలుపలి వైపున పెద్ద అంకెలతో వ్రాయించుడు. లోపల వ్రాసిన సంఖ్యను చదువుటకు మరల లోనికి పోవలసివచ్చును.

వినికిడి తగ్గినవారు ఒంటిగా నున్న యిండ్లు మన పల్లెలలో నానాట పెరుగుచున్నవి. కొడుకులు హైదరాబాదులోనో దుబాయిలోనో ఉందురు. అట్టి యింట గంట మ్రోగినను వినువారు పొరుగువారే. వారికిని ఆ ధ్వని ఎట్లుండునో ఒకమారు వినిపించి యుంచవలెను. తాళము వేసిన ఇంటిలోనుండి ఆ మ్రోత వినబడినచో వాకిటనున్న కాలింగుబెల్లు నొక్కవలదు. చేతితో తలుపు బాదుడు, వీధిలో బీడీ త్రాగుచున్నవారిని దూరముగా పంపుడు, 1906కు చెప్పుడు.