దవడకూ ఆది కొలత!

కాణిపాకం వెళ్ళొచ్చినవారికి బాహుదా నది కథ కొత్తగా చెప్పక్కర్లేదు. అడక్కుండా మామిడిపండు తిన్నందుకు లిఖితుడికి రాజు చేతులు నరికించాడనీ, ఈ ఏట్లో మునగగానే అవి తిరిగొచ్చాయనీ, అందుకే ఏటికి ఆ పేరనీ పెద్దలు చెబుతారు. పోయిన అవయవం మళ్ళీ రావాలన్న ఆశ ఎంత పాతదో చూడండి!

2021లో కరోనా వెనకాలే వచ్చిన బ్లాక్ ఫంగస్ గుర్తుందిగా? షుగరు అదుపులో లేనివాళ్ళని, స్టెరాయిడ్లు ఎక్కువ పడినవాళ్ళని పట్టుకుంది. ముక్కులో మొదలై పైదవడకి, కంటికి పాకేది. ప్రాణం దక్కాలంటే పాడైన ఎముక తీసెయ్యాల్సిందే. ఆ మే నెలలో మన రాష్ట్రం ఈ చికిత్సని ఆరోగ్యశ్రీలో చేర్చింది. సరే, ప్రాణం దక్కింది. తర్వాత? అంగిలి లేకపోతే నోట్లో పెట్టిన సంగటి ముద్ద ముక్కులోకొస్తుంది. మాట తేలిపోతుంది. పెళ్ళికి పిలిచినా కొంగు అడ్డం పెట్టుకుని ఓ మూల కూర్చోవడమే. నోటి క్యాన్సరుకి దవడ తీయించుకున్నవాళ్ళ బాధా ఇదే.

జాకెట్టు కుట్టించాలంటే టైలరుకి ఆది జాకెట్టు ఇస్తాం కదా! ఇప్పుడు సర్జన్లు ముఖానికీ అలాంటి ఆదే తీస్తున్నారు. సీటీ స్కాను ముఖాన్ని ఆలుగడ్డ చిప్స్ తరిగినట్టు పలచటి పొరలుగా ఫొటోలు తీస్తుంది. కంప్యూటరు వాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి ఎముక రూపం కడుతుంది. కుడివైపు పోయిందనుకోండి, బాగున్న ఎడమవైపుని అద్దంలో చూపినట్టు తిప్పి లోటెంతో లెక్కేస్తారు. ఆపైన త్రీడీ ప్రింటరు పని. మురుకుల గొట్టంలోంచి పిండి దిగినట్టు కరిగిన ప్లాస్టిక్కు సన్నగా దిగి, పొరమీద పొర పేరుకుని దవడ నమూనా అవుతుంది. లోహమైతే టైటానియం పొడిని లేజరుతో పొరపొరగా కరిగించి అతుకుతారు.

ప్లాస్టిక్కు బొమ్మతో ఏం లాభం అంటారా? చాలా ఉంది. దవడకి బిగించే ప్లేటుని ఆపరేషను బల్లమీద వంచుతూ కూర్చోకుండా, ముందురోజే నమూనామీద సరిచూసి వంచుకోవచ్చు. రోగి మత్తులో ఉండే సమయం తగ్గుతుంది. మోకాలి కింద రెండు ఎముకలుంటాయి. శరీరం బరువు ముఖ్యంగా లావుదే మోస్తుంది. సన్నదాన్ని రక్తనాళాలతో సహా తీసి దవడగా అమరుస్తారు. అది ఎక్కడ కొయ్యాలో చూపే అచ్చు కూడా ప్రింటు చేసిందే.

2011లో హాలండులో 83 ఏళ్ళ ముసలమ్మకి కింది దవడ మొత్తం ఇలా ప్రింటు చేసిన టైటానియందే పెట్టారు. బరువు 107 గ్రాములు. మర్నాటికే మాట్లాడింది, మింగగలిగింది! మన పక్కనే చెన్నైలో ఐఐటీ మద్రాసు వాళ్ళు బ్లాక్ ఫంగస్‌కి ముఖం ఎముకలు పోగొట్టుకున్నవాళ్ళకి లోహపు ఎముకలు ప్రింటు చేస్తున్నట్టు 2023లో ప్రకటించారు.

ఇక కళ్ళజోళ్ళ సంగతి. మిక్స్‌డ్ రియాలిటీ అంటారు. డాక్టరు పెట్టుకుంటే స్కానులోని ఎముక బొమ్మ రోగి ముఖంమీదే గాల్లో తేలినట్టు కనబడుతుంది. లోపల నరమెక్కడ, గడ్డ అంచెక్కడ అని చూసుకోవచ్చు. 2015లో మైక్రోసాఫ్టు చూపించిన హోలోలెన్స్ ఇలాంటిదే. దాని తయారీ 2024లో ఆపేశారు. వినడానికి బ్రహ్మాండంగా ఉన్నా చిక్కుంది. కింది దవడ కదిలేది. అది కాస్త కదిలితే బొమ్మ పక్కకి జరుగుతుంది. అక్కడ రెండు మిల్లీమీటర్లంటే తక్కువేం కాదు. నన్నడిగితే మన రోగులకి ప్రస్తుతం కళ్ళజోడుకన్నా ప్లాస్టిక్కు దవడే పెద్ద సాయం. చేత్తో పట్టుకుని చూపిస్తే చదువురాని అత్తగారికి కూడా ఏం తీస్తారో, ఏం పెడతారో ఇట్టే తెలుస్తుంది.

మీ ఇంట్లో ఎవరికైనా అవసరమైతే వేలూరు వెళ్ళినా, తిరుపతి వెళ్ళినా సీటీ స్కాను ఫిల్ములతో సరిపెట్టుకోకండి, సీడీ కూడా అడిగి తీసుకోండి. ప్రింటుకి కావలసింది అదే. నమూనా ఖర్చు, లోహపు ఎముక ఖర్చు ప్రభుత్వ పథకంలో వస్తాయో లేదో ముందే తేల్చుకోండి.

ఆపరేషను తర్వాత కొన్నాళ్ళు ముక్కు గొట్టంతోనే ఆహారం. డాక్టరు సరేనన్నాక వడగట్టిన రాగి జావ, పప్పుకట్టు, మిక్సీలో మెత్తగా కొట్టిన గుమ్మడికాయ సూపు గోరువెచ్చగా ఇవ్వండి. కారం, పులుపు వద్దు. షుగరున్నవాళ్ళకి జావలో బెల్లం బదులు పలచటి మజ్జిగ కలపండి.