నకలు పంపాలా? చిరునామా పంపాలా?

విద్యార్థులారా! లెక్కల తరగతిలో ప్రమేయాల గురించి మీరు చదువుకునే ఉంటారు. 1972 ప్రాంతంలో అమెరికాలోని బెల్ లాబరేటరీస్‌లో డెన్నిస్ రిచీ రూపొందించిన 'సి' భాషలోనూ ఇలాంటివే ఉన్నాయి. వాటిని ఫంక్షన్లు అంటారు. ఫంక్షన్‌కు మనం అందించే విలువలే ఆర్గ్యుమెంట్లు.

వీటిని అందించడంలో వరుస ముఖ్యం. ఘాతాలను లెక్కగట్టే 'పౌ' ఫంక్షన్‌కు 2, 3 అని ఇస్తే 8 వస్తుంది. 3, 2 అని ఇస్తే 9 వస్తుంది. రెండూ సంఖ్యలే కనుక కంపైలర్ ఈ పొరపాటును పట్టుకోలేదు. పట్టుకోవలసింది మీరే!

ఇప్పుడొక చిక్కు చూద్దాం. 'ఏ' అనే చలరాశిలో 5, 'బి'లో 9 ఉన్నాయనుకోండి. వాటిని తారుమారు చేయడానికి ఒక ఫంక్షన్ రాసి, ఏ, బి లను దానికి అందించారు. ఫంక్షన్ లోపల తారుమారు జరిగాక చూస్తే 9, 5 అని సరిగానే కనిపిస్తుంది. బయటికి వచ్చి చూస్తే మళ్ళీ 5, 9! ఎందుకిలా?

'సి' భాషలో ఫంక్షన్‌కు వెళ్ళేది విలువ తాలూకు నకలు మాత్రమే. మీ మార్కుల జాబితాను జిరాక్సు తీయించి స్నేహితుడికి ఇచ్చారనుకోండి. అతడు ఆ జిరాక్సు మీద ఎన్ని దిద్దుబాట్లు చేసినా మీ దగ్గరున్న అసలు కాగితం మారదు కదా!

మరి అసలునే మార్చాలంటే? చిరునామా పంపాలి. కంప్యూటర్ మెమరీలో ప్రతి చలరాశికీ ఒక గది, ఆ గదికి ఒక నంబరు ఉంటాయి. చలరాశి పేరు ముందు & గుర్తు పెడితే ఆ నంబరు వస్తుంది. దాన్ని అందుకునే చలరాశిని పాయింటర్ అంటారు. ఫంక్షన్ లోపల పాయింటర్ ముందు * గుర్తు పెడితే ఆ గది తలుపు తెరిచినట్లే. ఇక్కడ వెళ్ళేదీ నకలే, కానీ చిరునామా నకలు. కాగితం ఏదైనా, చేరేది ఆ ఇంటికే!

కీబోర్డు నుంచి సంఖ్యను చదివే 'స్కాన్‌ఎఫ్'కు & గుర్తుతో ఇవ్వడానికి కారణం ఇదే. చదివిన సంఖ్యను ఏ గదిలో ఉంచాలో దానికి తెలియాలి. గుర్తు మరిచిపోతే చలరాశిలోని విలువనే చిరునామాగా భ్రమపడుతుంది. ప్రోగ్రాం అర్ధాంతరంగా ఆగిపోవచ్చు.

మీరూ చేసి చూడండి. కాగితంపై రెండు గడులు గీసి, 1000, 1004 అని నంబర్లు వేసి, 5, 9 రాయండి. ఒకసారి నకళ్ళతో, మరోసారి నంబర్లతో తారుమారు చేయండి. తేడా మీకే తెలుస్తుంది!