అమ్మకూ ఒక గంట కావాలి



ఆటిజం ఉన్న బిడ్డ తల్లికి బడి వదిలాక రెండో డ్యూటీ మొదలవుతుంది. స్పీచ్ థెరపీ, హోంవర్కు, సరిగా పట్టని నిద్ర. వీటన్నిటికీ మించి ‘నీ పెంపకమే సరిగా లేదు’ అనే మాట.

ఈ నింద పాతదే. 1950లలో అమెరికాలో కొందరు నిపుణులే తల్లి ప్రేమ చాలకపోవడం వల్ల ఆటిజం వస్తుందన్నారు. 1964లో బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వవేత్త ఆ వాదాన్ని ఖండిస్తూ పుస్తకం రాశారు. ఆయన కొడుక్కీ ఆటిజం ఉంది. ఆటిజం మెదడు ఎదుగుదలలో తేడా, పెంపకంలో లోపం కాదు.

ఇంట్లో ఏం చేయవచ్చు?

• వారంలో ఒకటి రెండు రోజులు థెరపీకి నాన్న తీసుకెళ్లాలి.
• రోజూ ఒక గంట బిడ్డను ఇంట్లో మరొకరు చూసుకోవాలి. ఆ గంట వంటకు కాదు, అమ్మ విశ్రాంతికి.
• దిగులు, ఏడుపు, నిద్రలేమి రెండు వారాలు దాటితే డాక్టరును కలవాలి. టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.
• థెరపీ ఖర్చులకు నేషనల్ ట్రస్ట్ వారి ‘నిరామయ’ బీమా గురించి తెలుసుకోండి.

మిగతా తల్లిదండ్రులకు ఒక మాట: మీ పిల్లల పుట్టినరోజుకు ఆ బిడ్డనూ పిలవండి. గేటు దగ్గర ఆ అమ్మ కనబడితే సలహా ఇవ్వకండి, పలకరించండి.