నడుముకి ఆపరేషన్, నొప్పేమో తుంటికి

పార్వతీపురం పక్క కొండల్లో ఒక ఊరు అనుకుందాం. అక్కడ ఒక అక్కకి వెన్నెముకలో టి.బి. వచ్చింది. టి.బి. ఊపిరితిత్తులకే కాదు, ఎముకలకీ వస్తుంది. చాలామందికి మందులతోనే తగ్గుతుంది. కానీ ఈ అక్క వెన్ను వంగిపోయింది. కాళ్లు పట్టు తప్పాయి. రైలెక్కించి విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు.

ఆపరేషన్ అయింది. అక్క ఇంటికి వచ్చింది. నడుం నొప్పి తగ్గింది. కానీ తుంటి దగ్గర ఒకటే పోటు. చూస్తే అక్కడా కుట్లు ఉన్నాయి.

"జబ్బు నడుముకి కదా? ఇక్కడెందుకు కోశారు? ఎముక తీసి అమ్ముకున్నారేమో!" అన్నారు ఊళ్లోవాళ్లు. "నడుం బాగయింది కదా, ఇంకా మూలుగెందుకు?" అన్నారు ఇంట్లోవాళ్లు.

ఎముక ఎవరూ అమ్ముకోలేదు. తీసిన ఎముక ఆమె వెన్నులోనే పెట్టారు.

వెన్నెముక ఒకే ఎముక కాదు. దండలో పూసల్లాగ చిన్న ఎముకలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. వాటినే వెన్నుపూసలు అంటాం. పూస పాడైతే డాక్టర్లు చెడిన భాగం తీసేస్తారు. పై పూసనీ కింది పూసనీ ఒకటిగా అతుక్కునేలా చేస్తారు. కదలకుండా కడ్డీలు, స్క్రూలు బిగిస్తారు. అవి పాదుకి కట్టిన కర్రలాంటివి. చివరికి అతికేది ఎముకే. దానికి నెలలు పడుతుంది.

ఆ ఎముక ఎక్కడిది? బిడ్డని చంకనేసుకుంటే బిడ్డ కూర్చునే చోటు ఉంది కదా, ఆ తుంటి ఎముకది. సొంత ఎముకలో ప్రాణం ఉంటుంది. మామిడికి అంటు కట్టినట్టు అతుక్కుంటుంది. 1911లో అమెరికాలో ఆల్బీ అనే డాక్టరు టి.బి. వెన్నుకి కాలి ఎముక ముక్క తీసి ఇలాగే పెట్టాడు.

కాబట్టి గాయాలు రెండు. తుంటి ఎముకకి పెద్ద కండలు అంటి ఉంటాయి. అడుగు వేస్తే అవి లాగుతాయి. అందుకే ఒక్కోసారి నడుం కంటే తుంటే ఎక్కువ నొప్పి పెడుతుంది. సన్నని నరం నలిగితే పిరుదు మీదో తొడ మీదో చర్మం మొద్దుబారుతుంది. చాలామందికి వారాల్లోనో నెలల్లోనో తగ్గుతుంది. కొందరికి ఏడాది దాటినా ఉంటుంది. అది నటన కాదు, బద్ధకం కాదు.

డాక్టరు సరేననేదాకా నీళ్ల బిందె, కట్టెల మోపు ఎత్తకూడదు. బిడ్డని ఆ తుంటి మీద వేసుకోకూడదు. డాక్టరు చెప్పినంత మెల్లగా నడవాలి. గాయం మీద పసరు పొయ్యొద్దు, చురకలు పెట్టొద్దు. నొప్పి మాత్రలు రాసినన్నే వేసుకోవాలి. కొట్లో కొని రోజూ మింగితే కడుపూ మూత్రపిండాలూ పాడవుతాయి. అడ్డపొగ తాగే అక్కలకి ఈ మాట కష్టంగానే ఉంటుంది. కానీ చుట్ట పొగ ఎముకని అతకనివ్వదు. టి.బి. మందులు ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం వాడాలి. నొప్పి తగ్గిందని మధ్యలో మానకూడదు.

కుట్ల దగ్గర ఎర్రబడి వాచినా, చీము కారినా, జ్వరం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. తుంటిలో పుటుక్కుమని, కాలు మోపలేకపోయినా అంతే.

అందరికీ తుంటి నుంచే తియ్యరు. కొందరికి పక్కటెముక వాడతారు. అందుకే సంతకం పెట్టేముందు "ఎముక ఎక్కడి నుంచి తీస్తారు బాబూ? అక్కడ ఎన్నాళ్లు నొప్పి ఉంటుంది?" అని అడగాలి.